విక్టోరియా కాలపు బ్రిటిష్ బయోనెట్ల సేకరణ: ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

కొత్తగా సేకరణలోకి దిగేవాళ్లు చాలామంది బయోనెట్‌ని కత్తిగా చూస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. అది తుపాకీకి ఒక విడిభాగం. ఫలానా మందమున్న గొట్టం చివర బిగుసుకునేలా, ఫలానా రైఫిల్ కోసమే చేసిన ఉక్కు ముక్క. అమ్మేవాడు జూలూ యుద్ధం అంటాడు, 1857 అంటాడు, మా ముత్తాత మోసిందంటాడు. ఆ ఉక్కు ఏ తుపాకీ మీదికి ఎక్కుతుందో, దేని మీదికి ఎక్కదో తెలిస్తే ఆ మాటల్లో సగం అక్కడికక్కడే రాలిపోతాయి. అందుకే ముందు తుపాకులు తెలుసుకోండి. బయోనెట్లు వాటి వెనకే వస్తాయి.

ముందుగా ఐదు తుపాకులు గుర్తుపెట్టుకోండి

విక్టోరియా పాలన 1837 నుంచి 1901 దాకా. ఆ కాలంలో బ్రిటిష్ సైన్యం చేతిలో చాలా తుపాకులు మారాయి. మొదలుపెట్టేవాళ్లకు ఐదు చాలు. 1853 ఎన్‌ఫీల్డ్: మూతి నుంచి మందు కూరే రైఫిల్, 0.577 అంగుళాల గుండు. 1866లో వచ్చిన స్నైడర్: అదే ఎన్‌ఫీల్డ్‌ని వెనక నుంచి తూటా పెట్టేలా మార్చింది. 1871లో మార్టిని-హెన్రీ. 1888లో లీ-మెట్‌ఫర్డ్. 1895లో లీ-ఎన్‌ఫీల్డ్. ఈ వరస నోటికి వస్తే చాలు, ఎవరైనా బయోనెట్ చూపించి ఒక సంవత్సరం చెప్పగానే అది పొసుగుతుందో లేదో మీకే తెలిసిపోతుంది.

బయోనెట్లలో ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి సాకెట్ బయోనెట్: దీనికి పిడి ఉండదు, తుపాకీ మూతి మీద తొడిగే ఒక గొట్టం, పక్కకు వంగిన మెడ, దాని చివర మూడు పలకల బల్లెం లాంటి బ్లేడు. మామూలు కాల్బలం సిపాయి మోసింది ఇదే. రెండోది స్వోర్డ్ బయోనెట్: పిడి, అడ్డుకమ్మి, ఆ కమ్మి మీద తుపాకీ మూతికి పట్టే రింగు. ఇవి ఎక్కువగా సార్జెంట్లకు, రైఫిల్ రెజిమెంట్లకు, ఫిరంగి దళాలకు ఇచ్చారు. 1888 వచ్చేసరికి ఈ తేడా పోయి అందరికీ ఒకటే పొట్టి కత్తి బయోనెట్ అయింది.

మొదటి కొనుగోలుకు ఏది మంచిది

నా మాట వింటే 1853 సాకెట్ బయోనెట్‌తోనో, 1888 బయోనెట్‌తోనో మొదలుపెట్టండి. రెండూ లెక్కలేనన్ని తయారయ్యాయి, బ్రిటన్‌లో ఆయుధాల సంతలన్నింట్లో కనిపిస్తాయి, ధర మిగతావాటితో పోలిస్తే అందుబాటులో ఉంటుంది. ముఖ్యంగా పోల్చి చూసుకోవడానికి పక్కనే మరో నాలుగు దొరుకుతాయి. అలా పోల్చుకుంటేనే కన్ను కుదురుతుంది. పొడవాటి వంపు కత్తి చూడగానే మనసు లాగుతుంది, నిజమే, కానీ మోసానికి ఎక్కువ ఆస్కారం ఉన్నది అందులోనే.

1853 సాకెట్ బయోనెట్ బ్లేడు దాదాపు 17 అంగుళాలు. గొట్టం మీద తిరిగే ఒక లాకింగ్ రింగు ఉంటుంది. బయోనెట్‌ని మూతికి తొడిగి ఆ రింగు తిప్పితే బిగుసుకుంటుంది. కొనేముందు ఆ రింగు తిరుగుతోందో లేదో చూడండి. తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే పర్వాలేదు, నూనెతో రెండు మూడు రోజుల్లో వదులవుతుంది. రింగే లేకపోతే మాత్రం ధర బాగా తగ్గాలి.

1876 మోడల్ సాకెట్ బయోనెట్ మార్టిని-హెన్రీ కోసం వచ్చింది. బ్లేడు దాదాపు 22 అంగుళాలు, అంటే ముందుదానికన్నా అయిదు అంగుళాలు ఎక్కువ. కారణం సులువే. మార్టిని-హెన్రీ పాత ఎన్‌ఫీల్డ్ కన్నా పొట్టి. గుర్రం మీద వచ్చేవాడిని నేల మీది సిపాయి ఆపాలంటే తుపాకీ, బయోనెట్ కలిపి తగినంత పొడవు ఉండాలి. తుపాకీలో తగ్గింది బయోనెట్‌లో కలిపారు. 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలో ఇసాండ్ల్వానా, రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర జూలూలతో జరిగిన పోరాటాల వల్ల ఈ మోడల్‌కి పేరొచ్చింది, ధర కూడా పెరిగింది. ఒక 1876 బయోనెట్ ఆ కాలానిది అని నిరూపించడం తేలిక. ఆ యుద్ధంలోనే ఉంది అని నిరూపించడం మాత్రం దాదాపు అసాధ్యం. ఆ రెండో మాటకు ఒక్క పౌండు కూడా అదనంగా ఇవ్వొద్దు, కాగితం చూపిస్తే తప్ప.

ఇక 1856 మోడల్ స్వోర్డ్ బయోనెట్, దాని తర్వాతి 1858, 1860 రకాలు. బ్లేడు 22.75 అంగుళాలు, ముందుకూ వెనక్కూ మెలి తిరిగిన యాటగన్ వంపు. ఆ వంపు అందం కోసం పెట్టింది కాదు. మూతి నుంచి మందు కూరేటప్పుడు సిపాయి చెయ్యి బ్లేడుకి తగలకుండా అది పక్కకు తప్పుకోవాలి. పిడికి నల్లటి తోలు పలకలు, వాటి మీద గళ్ల గీతలు, రివెట్లతో బిగింపు.

ఇక్కడే ఒక పెద్ద ఉచ్చు ఉంది. ఫ్రాన్సు వాళ్ల 1866 షాస్‌పో బయోనెట్‌కీ ఇదే యాటగన్ వంపు. అది విపరీతంగా దొరుకుతుంది. పిడి ఇత్తడిది, అడ్డంగా గీతలుంటాయి, బ్లేడు వీపు మీద ఫ్రెంచ్ కర్మాగారం పేరు, తేదీ చేతిరాత లాంటి అక్షరాల్లో చెక్కి ఉంటాయి. తెలియకో, తెలిసో దీన్ని బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్ బయోనెట్ అని అమ్ముతుంటారు. యాటగన్ వంపు, ఇత్తడి పిడి కలిసి కనబడగానే బ్లేడుని తిప్పి వీపు చూడండి.

ఇత్తడి పిడి అంటే బ్రిటిష్‌ది కానే కాదని కాదు. 1837 తర్వాత రైఫిల్ బ్రిగేడ్‌కి వచ్చిన బ్రన్స్‌విక్ రైఫిల్ బయోనెట్‌కి బరువైన ఇత్తడి పిడి ఉంది. కానీ దాని బ్లేడు నిటారు.

కొలత బద్ద, వెర్నియర్ కాలిపర్ కొనండి

బయోనెట్ కన్నా ముందు కొనాల్సినవి ఇవే. పనికొచ్చే కొలతలు రెండు: బ్లేడు పొడవు, గొట్టం లేదా రింగు లోపలి వ్యాసం.

కొన్ని పొడవులు గుర్తుంటే చాలు. 1853 సాకెట్ 17 అంగుళాలు, 1876 సాకెట్ దాదాపు 22, 1856 రకాలు 22.75, 1879 ఫిరంగి దళం బయోనెట్ 25.75, 1887 మోడల్ 18.5, 1888 మోడల్ 12. అర అంగుళం తగ్గితే ఎందుకు తగ్గిందో అడగండి. పదునుపెట్టి పెట్టి అరిగి ఉండొచ్చు, మొన విరిగితే మళ్లీ రాపిడి చేసి ఉండొచ్చు. మొన ఆకారం పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది. సైన్యం చేసిన మొన నెమ్మదిగా సన్నబడుతుంది, ఇంట్లో గ్రైండర్ మీద చేసిన మొన ఒక్కసారిగా తెగినట్టు ఉంటుంది.

లోపలి వ్యాసం ఇంకా ముఖ్యం. మార్టిని-హెన్రీ మూతి ఎన్‌ఫీల్డ్ మూతి కన్నా సన్నం, తేడా ఒక మిల్లీమీటరుకు పైనే. మార్టిని-హెన్రీ వచ్చినప్పుడు సైన్యం దగ్గర 1853 బయోనెట్లు గుట్టలుగా ఉన్నాయి. పారేయడం ఎందుకని గొట్టం లోపల ఇంకో పలుచని ఉక్కు గొట్టం దిగేసి వాటినే కొత్త రైఫిల్‌కి సరిపెట్టారు. 1860 స్వోర్డ్ బయోనెట్ల రింగుల్ని కూడా అలాగే లోపల బిళ్ల వేసి సార్జెంట్లకు ఇచ్చారు. ఈ మార్పిడి బయోనెట్లు నకిలీలు కావు. నా దృష్టిలో చరిత్ర వాటిలోనే ఎక్కువ ఉంది, రెండు తుపాకుల కాలాన్ని చూసిన ఒకే వస్తువు అది. గుర్తుపట్టడానికి గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి ఒక చివర నుంచి చూడండి. అంచు మీద ఒక సన్నటి వలయం గీత కనిపిస్తుంది, లోపలి లోహం రంగు బయటిదానికన్నా కొంచెం తేడాగా ఉంటుంది. వేలితో తడిమితే ఒక్కోసారి ఆ అతుకు గోటికి తగులుతుంది. ఆ గీత ఉండి బ్లేడు 17 అంగుళాలుంటే అది మార్టిని కోసం మార్చిన 1853. అమ్మేవాడు దాన్ని '1876' అంటే ఓపిగ్గా వివరించి ధర తగ్గించమనండి.

ముద్రలు చదవడం

అసలు సరదా ఇక్కడుంది. బ్రిటిష్ వాళ్లు ఏ వస్తువు మీదైనా ముద్ర కొట్టకుండా వదిలిపెట్టలేదు. అడ్డుకమ్మి పక్కన బ్లేడు మొదట్లో, పిడి చివరన, సాకెట్ మెడ మీద, ఒర ఇత్తడి మీద, అన్ని చోట్లా వెతకండి.

ముఖ్యమైనది బ్రాడ్ యారో, అంటే కోడికాలు లాంటి మూడు గీతల బాణం. ప్రభుత్వ సొత్తు అని దానర్థం. దానితోపాటు డబ్ల్యూ, డి అక్షరాలుంటే యుద్ధ శాఖ, 1855 నుంచి అదే వాడుక. అంతకుముందు బి, ఓ ఉండేవి, అంటే బోర్డ్ ఆఫ్ ఆర్డ్‌నెన్స్. రెండు బాణాలు మొనలు కలిపి ఎదురెదురుగా ఉంటే ఆ వస్తువుని సైన్యం అధికారికంగా అమ్మేసిందని. బాణం పక్కన ఐ అక్షరం ఉంటే అది భారతదేశానికి పంపిన సరుకు.

చిన్న కిరీటం, దాని కింద ఒక అక్షరం, ఒక అంకె: ఇది తనిఖీ అధికారి ముద్ర. ఇ అంటే ఎన్‌ఫీల్డ్, బి అంటే బర్మింగ్‌హామ్. ఎక్స్ గుర్తు బ్లేడుని వంచి పరీక్షించారని. తయారీదారుల్లో ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం, లండన్ విల్కిన్సన్, బర్మింగ్‌హామ్ మోల్, షెఫీల్డ్ శాండర్సన్ పేర్లు తరచుగా కనిపిస్తాయి. జర్మనీలోని జోలింగెన్‌లో చేయించినవి కూడా చాలా ఉన్నాయి. 1856 రకం మీద జోలింగెన్ పేరు చూసి నకిలీ అనుకోకండి.

ఒక 1888 బయోనెట్‌ని చేతిలోకి తీసుకోండి. బ్లేడుకి ఒక పక్క కిరీటం, దాని కింద వి ఆర్, అంటే విక్టోరియా రాణి. దాని కింద '5 96' లాంటి అంకెలు: 1896 మే నెల. కింద తయారీదారు పేరు. రెండో పక్క బాణం, ఎక్స్, కిరీటం కింద తనిఖీ అంకె. కొన్నిటి మీద '99, '01 లాంటి చిన్న అంకెలు విడిగా కొట్టి ఉంటాయి, అవి మళ్లీ తనిఖీ చేసి ఇచ్చిన సంవత్సరాలు. పిడి చివర ఉన్న ముద్ర దళం పేరు. అక్కడ వి కనిపిస్తే వాలంటీర్ దళం అయ్యే అవకాశం ఎక్కువ. ఆ దళం ముద్ర స్పష్టంగా ఉన్న బయోనెట్‌కి నేను ఎప్పుడూ కాస్త ఎక్కువే ఇస్తాను.

ముద్రలేవీ లేని 1853 బయోనెట్ కూడా అసలుదే కావచ్చు. 1859 తర్వాత బ్రిటన్‌లో వాలంటీర్ దళాలు పుట్టుకొచ్చాయి, సొంత డబ్బుతో ప్రైవేటు తయారీదారుల దగ్గర కొనుక్కున్నాయి. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ బర్మింగ్‌హామ్, లండన్ వ్యాపారుల నుంచి ఎన్‌ఫీల్డ్‌లు తెప్పించుకున్నాయి. వాటికి ప్రభుత్వ బాణం ఉండదు.

ఇక 'విక్టోరియా కాలం' అని తరచుగా అమ్మే మరో వస్తువు 1907 మోడల్. బ్లేడు 17 అంగుళాలు, మొదటి ప్రపంచయుద్ధం బయోనెట్ అది. మన దేశంలో దొరికేవాటిలో చాలావరకు బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో చేసిన దాని రకాలే. కిరీటం కింద వి ఆర్ బదులు ఇ ఆర్ ఉంటే ఎడ్వర్డ్, జి ఆర్ ఉంటే జార్జ్ రాజు. ఆ రెండక్షరాలు చదివితే చాలు, విక్టోరియా అన్న మాట అక్కడితో ముగిసింది.

దీనికన్నా నాజూకైన చిక్కు 1903 మోడల్. అది రాణి పోయాక వచ్చింది, కానీ చాలావాటికి పాత 1888 బ్లేడులే వాడేశారు. బ్లేడు మీద వి ఆర్, 1890ల తేదీ నిజంగానే ఉంటాయి. పిడి చూడండి: 1888కి చెక్క పలకలు ఇత్తడి రివెట్లతో, 1903కి స్క్రూలతో బిగించారు.

1888లోనే రకాలున్నాయి. మొట్టమొదటివాటికి మూడు రివెట్లు, ఆ తర్వాతవాటికి రెండు. మూడు రివెట్లవి తక్కువగా దొరుకుతాయి, కనబడితే వదలకండి. ఒకే మోడల్‌లో చిన్న మార్పులతో వరసగా వచ్చిన రకాలని మార్క్‌లంటారు. ఈ మొదటి మార్క్ పిడి చివర ఒక రంధ్రం ఉంటుంది, లీ-మెట్‌ఫర్డ్ గొట్టం కింద ఉండే శుభ్రం చేసే కడ్డీ కోసం. 1899 ప్రాంతంలో రైఫిల్ నుంచి ఆ కడ్డీ తీసేశాక రెండో మార్క్‌లో ఆ రంధ్రం కూడా పోయింది. తుపాకీలో ఒక చిన్న కడ్డీ పోతే బయోనెట్‌లో ఒక చిల్లు పూడింది. ముందు తుపాకులు నేర్చుకోమన్నది ఇందుకే.

వంగిన బయోనెట్ల గొడవ

ఇది తెలిస్తే 1887 మోడల్ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. సూడాన్‌లో 1885 జనవరి 17న అబూ క్లియా దగ్గర జరిగిన పోరులో సిపాయిల బయోనెట్లు వంగిపోయాయి. ఆ వార్త బ్రిటన్ చేరి పత్రికల్లో, పార్లమెంటులో పెద్ద దుమారం లేచింది. విచారణలు జరిగాయి, చేతిలో ఉన్న బయోనెట్లని తెప్పించి మళ్లీ పరీక్షించారు. 1887లో మార్టిని-హెన్రీ కోసం నిటారు బ్లేడుతో కొత్త స్వోర్డ్ బయోనెట్ తెచ్చారు. పాపం, మరుసటి ఏడాదే కొత్త రైఫిల్ వచ్చేసింది. ఎక్కువ కాలం వాడకంలో లేకపోవడం వల్ల 1887 రకాలు తక్కువ. నాలుగు మార్క్‌లున్నాయి, అన్నీ సంపాదించాలంటే ఓపిక కావాలి.

మీరు కొనే సాకెట్ బయోనెట్ కాస్త వంగి ఉంటే దాన్ని సరిచేయకండి. పాత ఉక్కు విరిగిపోతే ఇక అంతే.

నకిలీలు, జతకట్టినవి

పూర్తి నకిలీ కన్నా ఎక్కువగా ఎదురయ్యేది జతకట్టిన సరుకు: ఒకదాని బ్లేడు, ఇంకోదాని ఒర. ఒర మీద అంకె, బయోనెట్ మీద అంకె వేరైతే అది పెద్ద నేరమేమీ కాదు, సైన్యంలోనే అవి తారుమారయ్యేవి. కానీ 'అంకెలు కలిసిన జత' అని ధర వేస్తే రెండూ మీ కళ్లతో చదవండి.

పూర్తి నకిలీల్లో ఎక్కువగా కనిపించేది 1871 ఎల్చో బయోనెట్. లార్డ్ ఎల్చో రూపొందించిన ఇది మధ్యలో ఉబ్బిన ఆకు ఆకారపు బ్లేడుతో, వీపున రంపపు పళ్లతో ఉంటుంది. చాలా కొద్దిగా తయారైంది, పశ్చిమాఫ్రికాలో జరిగిన అషాంటీ యుద్ధంలో వాడారు. అరుదు కాబట్టి ధర ఎక్కువ, ధర ఎక్కువ కాబట్టి నకిలీలు. మొదటి కొన్నేళ్లు ఎల్చో జోలికి వెళ్లొద్దు. రంపపు పళ్లు మామూలు బ్లేడుకి ఫైల్‌తో కోసి '1879 ఫిరంగి దళం' అని అమ్మడం కూడా ఉంది. అసలువాటి పళ్లు సమానంగా, రెండు వరసల్లో, యంత్రం కోసినట్టు ఉంటాయి. పైగా 1879కి పిడిని చుట్టి వచ్చే వేళ్ల కమ్మి ఉంటుంది. కమ్మి లేకుండా పళ్లున్నాయంటే అనుమానించాల్సిందే.

ముద్ర నకిలీదో కాదో చూడటానికి భూతద్దం పెట్టండి. అసలు ముద్రని గట్టి ఉలితో చల్లటి ఉక్కు మీద కొట్టారు: అంచులు కొసదేరి, చుట్టూ లోహం కొంచెం లేచి ఉంటుంది, అక్షరాలు ఒక్కోసారి ఒంకరగా, ఒక పక్క లోతుగా పడతాయి. పోత పోసిన నకిలీలో అక్షరాల అంచులు గుండ్రంగా, కరిగినట్టు ఉంటాయి. యాసిడ్‌తో పాతదనం తెప్పిస్తే గుంటలు బ్లేడంతా ఒకేలా వస్తాయి. నిజమైన తుప్పు ఎక్కడ చెయ్యి పడిందో, ఎక్కడ ఒర తడిసిందో అక్కడ ఎక్కువగా, మిగతాచోట తక్కువగా ఉంటుంది.

ఇంకొకటి: 2003లో నేపాల్ ప్రభుత్వ పాత ఆయుధాగారం నుంచి పెద్ద ఎత్తున తుపాకులు, బయోనెట్లు అమెరికా మార్కెట్‌కి వచ్చాయి. వాటిలో అసలైన బ్రిటిష్ సరుకూ ఉంది, నేపాల్‌లోనే ఎన్‌ఫీల్డ్, మార్టిని నమూనాలు చూసి చేసినదీ ఉంది. దేవనాగరి అంకెలు కనిపిస్తే నేపాల్ చేతిలోంచి వచ్చిందని అర్థం. నేపాల్ తయారీకి కూడా విలువ ఉంది, కాకపోతే దాన్ని ఎన్‌ఫీల్డ్ ధరకు కొనకూడదు.

కొనేటప్పుడు

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఆయుధాల సంతలే మంచి బడి. చేత్తో పట్టుకుని చూడొచ్చు, పక్క బల్ల మీద ఇంకోటి పోల్చొచ్చు. ఉదయాన్నే వెళ్లి అంతా తిరిగాక గాని పర్సు తీయకండి. వేలంలో కొంటే మీరు పలికిన ధర మీద కొనుగోలుదారు రుసుము అదనం. అది చాలాచోట్ల 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది, దాని మీద పన్ను, రవాణా వేరు. ఆ మొత్తం కలిపి ముందే ఒక హద్దు కాగితం మీద రాసుకోండి. ధర తెలుసుకోవడానికి అడిగిన ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. వేలం సంస్థలు పాత ఫలితాలు ఉంచుతాయి.

ఫొటో చూసి కొంటే ఇవి తెప్పించుకోండి: బ్లేడు మొదట్లో రెండు పక్కలా ముద్రలు, రింగు లేదా గొట్టం లోపల నేరుగా, పిడి రివెట్లు దగ్గరగా, మొన పక్క నుంచి, ఒర పై ఇత్తడి లేదా ఉక్కు మూతి. పక్కన కొలత బద్ద పెట్టి తీయమనండి. ఇవి పంపడానికి సణిగేవాడి దగ్గర కొనకండి. 'అసలుది కాకపోతే వెనక్కి తీసుకుంటాను' అన్న మాట రాతపూర్వకంగా ఉండాలి.

ఒర లేకపోతే ధర తగ్గాలి. కానీ ఒర లేదని మంచి బ్లేడు వదలొద్దు, కుట్లు ఊడిపోయిన ఒర ఉందని చెడ్డ బ్లేడు కొనొద్దు.

ఇంతకీ కొనకముందే కన్ను పదునెక్కాలంటే లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్, లండన్ చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియం చూడండి. రాయల్ ఆర్మరీస్ తన వస్తువుల వివరాలు, కొలతలు, ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఏదైనా కొనేముందు అక్కడి కొలతతో పోల్చుకోవడం అలవాటు చేసుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీ ఉంది, అక్కడ బలం దేశీ ఆయుధాలదే అయినా ఉక్కు పాతబడితే ఎలా ఉంటుందో కళ్లారా చూడొచ్చు.

చట్టం

బ్రిటన్‌లో వందేళ్లు దాటిన ఆయుధాలకు కొన్ని మినహాయింపులున్నా 18 ఏళ్ల లోపువారికి అమ్మకూడదు, సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో మోసుకెళ్లడం నేరం. సంత నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు చుట్టి, కట్టి, కారు డిక్కీలో పెట్టుకోండి, రసీదు జేబులో ఉంచుకోండి. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

భారత్‌లో ఇంకా జాగ్రత్త అవసరం. 2016 ఆయుధ నియమాల పట్టికలో ఐదో వర్గం కింద కత్తులు, బాకులతో పాటు బయోనెట్ పేరు విడిగా ఉంది. 1959 ఆయుధ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతాల్లో ఇలాంటివి ఉంచుకోవడానికి లైసెన్స్ కావాలి, విదేశం నుంచి తెచ్చుకోవడానికీ లైసెన్స్ కావాలి. బ్రిటన్‌లోనో అమెరికాలోనో కొని సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగుదామనే ఆలోచన మానుకోండి. ఇంట్లో తాతల కాలంనాటిది ఒకటి ఉంటే మీ జిల్లా కలెక్టర్ లేదా పోలీస్ కమిషనర్ కార్యాలయంలో మీ ప్రాంతం పరిస్థితి అడిగి తెలుసుకోండి. వందేళ్లు దాటినవి 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి: దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషేధం, వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్స్ ఉండాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల పాత ఇళ్లలో ఇలాంటి వస్తువు బయటపడితే మోజుతో దాన్ని విదేశీ వేలానికి పంపేవాడి మాట వినకండి.

మన ప్రాంతపు సరుకు గురించి ఒక మాట. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు దేశీ దళాలకు తమ దళాల కన్నా ఒక తరం వెనకటి ఆయుధాలే ఇచ్చారు. తెల్ల సిపాయి చేతికి మార్టిని-హెన్రీ వచ్చాక కూడా మద్రాసు సైన్యంలోని మన సిపాయి స్నైడర్‌తోనే ఉన్నాడు. స్నైడర్ అంటే మార్చిన ఎన్‌ఫీల్డే, దాని మీదికి ఎక్కేదీ 1853 బయోనెట్టే. కాబట్టి ఐ ముద్ర ఉన్న 1853 బయోనెట్ 1880ల దాకా వాడకంలో ఉండి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇంటికి తెచ్చాక

మొదటి రోజే బ్రాసో పట్టుకుని కూర్చోకండి. మెరిసేలా రుద్దిన బయోనెట్ విలువ సగం పోయినట్టే, పోయిన పైపొర మళ్లీ రాదు. నల్లగా, గోధుమరంగుగా గట్టిపడ్డ పొర ఉండనివ్వండి. ఎర్రటి పొడి తుప్పు మాత్రమే తీయాలి. సన్నటి మెషిన్ ఆయిల్ రాసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు బాగా సన్నని ఉక్కు ఉన్నితో, నాలుగు సున్నాల రకంతో, ఒకే దిశలో మెల్లగా తుడవండి. ముద్రల మీద ఆ ఉన్ని కూడా వద్దు, గుడ్డ చాలు. శాండ్‌పేపర్, గ్రైండర్, నిమ్మరసం, చింతపండు ఏవీ దగ్గరికి రానివ్వకండి. వంటింటి ఇత్తడికి పనికొచ్చేవి ఇక్కడ పనికిరావు.

తుడిచాక మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా పూయండి, మ్యూజియంలు వాడేది అదే రకం. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురెక్కి దుమ్ము పట్టుకుంటుంది. తోలు పిడికి నూనెలు అసలే వద్దు, తోలు మెత్తబడి రివెట్ల దగ్గర ఉబ్బుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: బ్లేడుని తోలు ఒరలో పెట్టి దాచకండి. తోలులోని రసాయనాలు, గాలిలోని చెమ్మ కలిసి బ్లేడుని తినేస్తాయి. విశాఖ, చెన్నై లాంటి సముద్రతీరాల్లో ఒక్క వర్షాకాలం చాలు. ఒరని పక్కనే విడిగా ఉంచండి, అలమారాలో సిలికా జెల్ సంచులు పెట్టండి, నెలకోసారి తలుపు తెరిచి చూడండి. ముద్రలు చూపించేటప్పుడు వచ్చినవాళ్లకు నూలు చేతి తొడుగులు ఇవ్వండి, వేలిముద్రల ఉప్పు ఉక్కు మీద అచ్చులా పడుతుంది. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసిన గాజు అలమారా తప్పదు.

ప్రతి వస్తువుకీ ఒక కార్డు రాయండి: మోడల్, కొలతలు, ముద్రలన్నీ అవి ఎలా ఉన్నాయో అలాగే గీసి, ఎక్కడ కొన్నారు, ఎంతకు, అమ్మినవాడు ఏం చెప్పాడు. ఆ చివరిదాన్ని వేరే గడిలో రాయండి, తెలిసినదాంతో కలపకండి. దళం ముద్ర, ర్యాక్ నంబరు (దళం తన ఆయుధాలు లెక్కపెట్టుకోవడానికి కొట్టిన అంకె) ఉంటే లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ రెజిమెంట్ ఏ ఏడు ఏ ఊళ్లో ఉందో వెతకొచ్చు. ఆ నంబరు నుంచి ఒక సిపాయి పేరు దాకా వెళ్లడం మాత్రం మామూలుగా కుదరదు, ఆ నంబరు వస్తువుది, మనిషిది కాదు. పేరుతో సహా చెప్పి అమ్మేవాళ్లుంటారు. ఆ పేరు ఏ కాగితం మీద, ఏ పేజీలో ఉందో చూపించమని అడగండి.